ఇత్సింగు: చీనా భారత విద్యాసంబంధాలు

చైనా నుండి భారతదేశానికి విద్యార్థులై వచ్చిన బౌద్ధభిక్షువులలో మువ్వురి పేర్లు సుప్రసిద్ధాలు. ఫాహియాను క్రీ.శ. 399లో బయలుదేరి కాలినడకన వచ్చాడు. హ్యూయన్‌త్సాంగు హర్షవర్ధనుని కాలంలో వచ్చి 645లో స్వదేశం చేరాడు. ఇత్సింగు 671లో ఓడ ఎక్కి, 695లో తన దేశపు రాజధానిలో అడుగుపెట్టాడు. మొదటి ఇద్దరూ చరిత్ర చదివిన ప్రతివారికీ పరిచితులే. ఇత్సింగు పేరు మాత్రం ఎక్కువగా వ్యాకరణ పండితుల చర్చలలో వినవస్తుంది. కాశికావృత్తి కాలాన్నో భర్తృహరి కాలాన్నో నిర్ణయించవలసి వచ్చినప్పుడు అతని సాక్ష్యం ముందుకు వస్తుంది. ఆ చర్చ ముగియగానే అతడు మళ్ళీ మరుగున పడతాడు.

అతని జీవితానికి ఇంతకంటె విశాలమైన ప్రయోజనం ఉన్నది. విదేశవిద్య ఒక సాహసికుని సొంత భాగ్యంగా మిగిలిపోరాదని గుర్తించినవాడు ఇత్సింగు. బయలుదేరే ముందు భాషాజ్ఞానం, నడుమ ఒక మజిలీ, చేరిన చోట వసతి, తిరిగి వచ్చిన పిమ్మట అనువాదశాల అనే నాలుగు అంగాలు సమకూరితేనే రెండు దేశాల నడుమ విద్య ప్రవహిస్తుందని అతని అనుభవం నేర్పింది. ఈ నాలుగింటిలో కొన్ని అతనికి దొరికాయి. కొన్నింటిని అతడే సమకూర్చాడు. ఒకదానికోసం చక్రవర్తిపీఠాన్ని అర్థించాడు.

బాల్యం, గురుశిక్ష

ఇత్సింగు 635లో జన్మించాడు. ఇంటిపేరు చాంగ్. ఇత్సింగు అన్నది సన్యాసనామం. చైనాను తాంగ్ వంశీయులు పాలిస్తున్న కాలమది. ఏడవ ఏట అతడు షాన్‌తుంగ్ ప్రాంతంలో థైషాన్ పర్వత సమీపాన ఉన్న ఒక విహారంలో చేరాడు. అక్కడ అతనికి షాన్‌యు, హుయ్‌షి అనే ఇరువురు గురువులు లభించారు.

షాన్‌యు లౌకిక వాఙ్మయంలోను చరిత్రలోను దిట్ట. అవసానకాలం సమీపించినదని తెలిసి ఆయన తన రచనలను, లౌకిక గ్రంథాలను చింపించి, ఆ కాగితపు గుజ్జుతో ద్వారపాల విగ్రహాలు చేయించాడు. తనను చిరకాలం కట్టిపడవేసిన ఆ వాఙ్మయం శిష్యులను కూడ కట్టివేయరాదన్నది ఆయన భావం. ఆయన మరణించేనాటికి ఇత్సింగుకు పన్నెండేళ్ళు. తరువాత హుయ్‌షి ఆ బాలుణ్ణి తీర్చిదిద్దాడు. ఆయన వినయపిటక నిష్ఠకు పేరుపడినవాడు. ఇరవై ఏళ్ళు దాటాక ఉపసంపద పొందిన ఇత్సింగు, గురువు ఆదేశానుసారం అయిదేళ్ళు వినయగ్రంథాలనే అధ్యయనం చేశాడు. పిమ్మట లోయాంగ్, చాంగాన్ నగరాలకు వెళ్ళి అభిధర్మ, యోగాచార శాస్త్రాలు చదివాడు.

భారతదేశానికి పోవలెనన్న సంకల్పం అతనికి పద్దెనిమిదవ ఏటనే కలిగింది. అది నెరవేరింది ముప్పది ఏడవ ఏట. ఈ కోరికకు మూలం అతడు ఎంచుకొన్న శాస్త్రంలోనే ఉన్నది. తత్త్వగ్రంథమైతే ప్రతి తెప్పించుకొని ఇంట కూర్చుండి చదువవచ్చు. వినయమంటే నిత్యాచారం: చీవరం ఎట్లు ధరించాలి, భోజనానికి ఎట్లు కూర్చోవాలి, నీరు ఎట్లు వడగట్టాలి, గురువును ఎట్లు సేవించాలి. చైనా విహారాలలో ఈ విషయాలను గురించి వ్యాఖ్యాతలు పరస్పర విరుద్ధంగా వ్రాశారు. మూలదేశంలో ఆ నియమాలు జీవితంగా నడుస్తున్న తీరును కండ్లతో చూడక ఆ వివాదం తీరదని ఇత్సింగుకు తోచింది. గ్రంథం చాలని చోట ప్రయాణం అవసరమవుతుంది.

ప్రయాణానికి ముందు అతడు షాన్‌యు సమాధిని దర్శించాడు. అప్పటికి అక్కడ చెట్లు ఎదిగి, పచ్చిక కప్పుకొని ఉన్నది. అక్కడ తన సంకల్పాన్ని నివేదించి, జీవించి ఉన్న గురువు హుయ్‌షి అనుమతి కోరాడు. వయోవృద్ధుడైన ఆ గురువు తన సేవకై శిష్యుడు ఆగిపోరాదనీ, ఇట్టి అవకాశం మరల రాదనీ చెప్పి సంతోషంగా సాగనంపాడు.

సముద్రయానం

670లో చాంగాన్ నగరంలో పలువురు మిత్రులు ఇత్సింగుతో కలిసి భారతదేశానికి పోవాలని నిశ్చయించుకొన్నారు. ఒకనికి వృద్ధురాలైన తల్లి అడ్డుపడింది. ఒకని మనస్సు వేరొక సాధనమార్గం వైపు మరలింది. మరొకడు క్వాంగ్‌చౌ రేవు దాకా వచ్చి, జబ్బుపడి వెనుదిరిగాడు. చివరకు మిగిలినవాడు షాన్‌షింగ్ అనే యువభిక్షువు ఒక్కడే. దక్షిణప్రాంతంలో ఫెంగ్ కుటుంబానికి చెందిన ఒక రాజోద్యోగి ఇత్సింగు దారిఖర్చులకు ఆదుకొన్నాడు.

ఇత్సింగు సముద్రమార్గాన్ని ఎంచుకొనడానికి నాటి రాజకీయస్థితి కూడ కారణమే. 670లో టిబెట్టు సేనలు తాంగ్ సైన్యాన్ని ఓడించాయి. మధ్య ఆసియా దారులు అభద్రాలయ్యాయి. ఇత్సింగు వ్రాసిన చరిత్రలలో కనిపించే హ్యూయన్‌చావ్ అనే భిక్షువు వృత్తాంతం దీనికి నిదర్శనం. అతడు టిబెట్టు మీదుగా భారతదేశం చేరి, జలంధరంలోను మహాబోధిలోను నలందలోను చదివి, చక్రవర్తి పిలుపుపై స్వదేశం వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. రెండవమారు అతనికి తిరుగుదారి లేకపోయింది. నేపాళమార్గాన్ని టిబెట్టువారు, కపిశమార్గాన్ని అరబ్బులు అడ్డగించారు. అతడు అరవై ఏళ్ళు దాటి మధ్యదేశంలోనే కన్నుమూశాడు. రాజ్యాల నడుమ వైరం వచ్చినప్పుడు మొదట మూసుకొనిపోయేది విద్యార్థి నడిచే దారి.

671 చివరలో ఇత్సింగు క్వాంగ్‌చౌలో పారశీకుల ఓడ ఎక్కాడు. ఇరవై దినాలు నిండకముందే సుమాత్రా దీవిలోని శ్రీవిజయం చేరాడు. నేటి పాలెంబాంగ్ పరిసరమే ఆ నగరం. అక్కడ షాన్‌షింగ్ వ్యాధిగ్రస్తుడై స్వదేశానికి మరలాడు. ఇత్సింగు ఏకాకిగా మిగిలాడు. అయినా తొందరపడి ముందుకు సాగలేదు. ఆరు మాసాలు అక్కడ నిలిచి శబ్దవిద్యను, అనగా సంస్కృత వ్యాకరణాన్ని, అభ్యసించాడు. శ్రీవిజయ ప్రభువు అతణ్ణి ఆదరించి మలయు రాజ్యానికి పంపాడు. అక్కడ రెండు మాసాలుండి, కెడా మీదుగా ఉత్తరానికి సాగాడు. నడుమ నగ్నవాసుల దీవులు కనిపించాయి. అవి నికోబారు దీవులని చరిత్రకారుల అభిప్రాయం. ఆ దీవివాసులు చిన్న పడవలలో కొబ్బరికాయలు, అరటిపండ్లు తెచ్చి, మారుగా ఇనుము కోరేవారు. 673 ఆరంభంలో ఇత్సింగు వంగదేశపు రేవు తామ్రలిప్తిలో దిగాడు.

తామ్రలిప్తి నుండి నలందకు

తామ్రలిప్తిలో మహాయానప్రదీపుడనే చైనా భిక్షువు పరిచయమయ్యాడు. ఇతడు హ్యూయన్‌త్సాంగు శిష్యుడు. భారతదేశానికి ముందే వచ్చి పన్నెండేళ్ళు గడిపినవాడు. ఇత్సింగు ఒక ఏడాది అతనితో ఉండి సంస్కృతభాషను, శబ్దశాస్త్రాన్ని అభ్యసించాడు. ముందు వచ్చిన విద్యార్థి వెనుక వచ్చినవానికి చేయూత ఇచ్చే ఈ సంప్రదాయమే నాడు ఏ సంస్థా ఇవ్వలేని ఆధారం. ఆచార్య నాగార్జునుడు శాతవాహన ప్రభువుకు వ్రాసిన సుహృల్లేఖను ఇత్సింగు చైనా భాషలోకి తెచ్చినది తామ్రలిప్తిలోనే. మాతృచేటుని శతపంచాశత్క స్తోత్రాన్ని తరువాత నలందలో అనువదించాడు. ఆంధ్రదేశ చరిత్రతో ముడిపడిన లేఖ ఒకటి ఈ విధంగా ఒక చైనా విద్యార్థి తొలి అనువాదాలలో చేరింది. భారతదేశంలో విద్యారంభం చేసినవారు ఈ లేఖను కంఠస్థం చేస్తారని కూడ అతడు నమోదు చేశాడు.

తరువాత ఇరువురూ వందలాది వర్తకుల బిడారుతో మధ్యదేశానికి బయలుదేరారు. మహాబోధికి ఇంకా పదిరోజుల దారి ఉండగా ఇత్సింగు జబ్బుపడి వెనుకబడ్డాడు. చీకటి పడేవేళ దొంగలు చుట్టుముట్టి, ఒంటిమీది బట్టతో సహా దోచుకొన్నారు. ఆ ప్రాంతంలో తెల్లని మేనిచాయ గలవారిని పట్టి బలి ఇస్తారని అతడు విని ఉన్నాడు. ఆ భయంతో బురదగుంటలో దిగి ఒళ్ళంతా బురద పూసుకొని, ఆకులు కప్పుకొని, కర్ర ఊతంగా నడిచాడు. రాత్రి చాల ప్రొద్దుపోయాక మహాయానప్రదీపుడు పిలుస్తున్న కేక విని బిడారును కలుసుకొన్నాడు. ఆ మిత్రుడు బట్టలిచ్చి, చెరువులో స్నానం చేయించి, గ్రామంలోకి తీసికొనిపోయాడు.

మహాబోధిలో ఇత్సింగు తన స్వప్రాంతపు భక్తులు పంపిన పట్టుతో కుట్టించిన చీవరాన్ని సమర్పించాడు. గృధ్రకూటం, కుశీనగరం, మృగదావం మొదలైన క్షేత్రాలు దర్శించి నలందలో స్థిరపడ్డాడు. అక్కడ సుమారు పదేళ్ళు చదివాడు.

నలందలో విద్యాభ్యాసం

ఇత్సింగు వర్ణించిన నలందలో ఎనిమిది మండపాలు, మూడు వందల గదులు, మూడువేలకు పైగా అంతేవాసులు ఉన్నారు. తరతరాల రాజులు దానమిచ్చిన రెండువందలకు పైగా గ్రామాల ఆదాయంతో ఆ విహారం నడిచేది. సంఘం పెద్దది కావడంతో అందరూ ఒకచోట కూడి ప్రార్థించడం సాధ్యంకాక, సాయంకాలం ఒక గాయకుడు మండపం వెంట మండపం తిరుగుతూ స్తోత్రపాఠం చేసేవాడు. కాలాన్ని నీటిగడియారంతో కొలిచేవారు. స్నానవేళకు ఘంట మ్రోగితే భిక్షువులు వందలాదిగా కొలనులకు నడిచేవారు.

గురుశిష్య సంబంధాన్ని ఇత్సింగు ప్రత్యేకంగా గమనించాడు. శిష్యుడు రాత్రి మొదటి యామంలోను చివరి యామంలోను గురువువద్దకు పోయి పాఠం చెప్పించుకొంటాడు. గురువు ఒళ్ళు పట్టి, బట్టలు మడిచి, గది ఊడ్చి, నీళ్ళు పరీక్షించి ఇస్తాడు. శిష్యునికి జబ్బుచేస్తే గురువే కన్నబిడ్డకువలె మందిచ్చి సేవచేస్తాడు. విదేశీయునికి కూడ ఈ నియమంలో భేదం లేదు. నలందలో రత్నసింహుడు, తిలఢక విహారంలో జ్ఞానచంద్రుడు, తూర్పుదేశంలో దివాకరమిత్రుడు, దక్షిణదేశంలో తథాగతగర్భుడు, శ్రీవిజయంలో శాక్యకీర్తి అను ఆచార్యులను అతడు సమకాలికులలో శ్రేష్ఠులుగా పేర్కొని, వారి సన్నిధి తనకు లభించిన భాగ్యంగా భావించాడు.

ప్రాచ్య విద్యార్థులకు అత్యంత విలువైనది ఇత్సింగు వర్ణించిన పాఠక్రమం. ఆరేళ్ళ బాలుడు సిద్ధమాతృకతో అక్షరాభ్యాసం మొదలుపెట్టి ఆరు నెలలలో ముగిస్తాడు. ఎనిమిదవ ఏట పాణినిసూత్రాలు ఆరంభించి ఎనిమిది నెలలలో కంఠస్థం చేస్తాడు. పిమ్మట ధాతుపాఠం. పదవ ఏట ఖిలపాఠాలు మొదలుపెట్టి మూడేళ్ళు చదువుతాడు. పదిహేనవ ఏట జయాదిత్యుని వృత్తిని ఆరంభిస్తే అయిదేళ్ళు పడుతుంది. ఇది కాశికావృత్తియే అని పలువురు పండితులు గుర్తించారు. ఆ తరువాత న్యాయశాస్త్రం, అభిధర్మకోశం, జాతకమాల. ఉన్నతస్థాయిలో పతంజలి మహాభాష్యం, భర్తృహరి గ్రంథాలు. ఇవి ముగించినవారు నలందకో వలభికో పోయి రెండు మూడేళ్ళు వాదవిద్యలో ఆరితేరుతారు. అక్కడ నెగ్గినవారి పేర్లు ఎత్తయిన ద్వారాలపై తెల్లని అక్షరాలతో వ్రాయబడతాయి. సంస్కృతం నేర్వగోరే చైనావారు ఈ వృత్తిగ్రంథాన్ని ముందు అభ్యసించాలనీ, లేకుంటే శ్రమ వ్యర్థమనీ ఇత్సింగు హెచ్చరించాడు. ఈ వర్ణన కేవలం వార్తాసేకరణ కాదు. రాబోయే విద్యార్థికి ఏ వయస్సులో ఏ గ్రంథానికి ఎంతకాలం పడుతుందో తెలిపే మార్గదర్శిని.

జయాదిత్యుడు గతించి ముప్పది ఏళ్ళయినదనీ, భర్తృహరి గతించి నలభై ఏళ్ళయినదనీ ఇత్సింగు వ్రాశాడు. అతని గ్రంథం 691 ప్రాంతంలో పూర్తయినది గనుక భర్తృహరి నిర్యాణం 651 ప్రాంతమని చిరకాలం పలువురు అంగీకరించారు. కాని దిఙ్నాగుని త్రైకాల్యపరీక్షలో భర్తృహరి కారికలు స్వల్పభేదంతో కనిపించాయి. దిఙ్నాగుడు ఆరవ శతాబ్ది పూర్వార్ధానికి ఈవల వాడు కాడు గనుక భర్తృహరి అయిదవ శతాబ్దివాడని నేడు పండితులు సాధారణంగా అంగీకరిస్తున్నారు. భర్తృహరి ఏడుమార్లు సన్యసించి ఏడుమార్లు గృహస్థుడైనాడన్న కథ కూడ విద్యార్థుల నోట నలిగిన కథవలెనే కనిపిస్తుంది.

దీనివల్ల ఇత్సింగు సాక్ష్యం మొత్తం త్రోసిపుచ్చదగినదని కాదు. అతడు చూచి వ్రాసినదానికి, విని వ్రాసినదానికి భేదం పాటించాలి. పాఠక్రమం అతడు చూచినది, తాను అనుభవించినది. వ్యాకర్తల కాలం అతడు విన్నది. బౌద్ధవిహారంలో వైదిక వ్యాకరణం నిత్యపాఠ్యంగా ఉండేదనీ, వాక్యపదీయం అక్కడి విద్యార్థుల నోట సజీవంగా ఉండేదనీ అతని పొరపాటు కూడ తెలుపుతున్నది. హ్యూయన్‌త్సాంగు పేర్కొనని ధర్మకీర్తిని ఇత్సింగు పేర్కొనడం, అశ్వఘోషుని బుద్ధచరితం పంచభారతాలలోను దక్షిణసముద్ర దీవులలోను గానమవుతున్నదని చెప్పడం, శీలాదిత్యుడు జీమూతవాహన కథను నాటకీకరించి నృత్యగీతాలతో ప్రదర్శింపజేశాడని నమోదు చేయడం సంస్కృత వాఙ్మయచరిత్రకు అతడు చేసిన ఉపకారాలు.

తిరిగి రాని విద్యార్థులు

నలందలో ఒకనాడు ఇత్సింగు అక్కడి చైనా గ్రంథాలను పరిశీలిస్తుండగా ఒక ప్రతి చివర చిన్న వ్రాత కనిపించింది. బుద్ధుని దంతకాష్ఠ వృక్షం క్రింద సిల్లాదేశపు భిక్షువు హుయ్‌యే ఆ ప్రతిని వ్రాసుకొన్నాడని దాని సారాంశం. సిల్లా అంటే కొరియా ద్వీపకల్పంలోని నాటి రాజ్యం. ఆ భిక్షువు ఎవరని విహారవాసులను విచారించగా, అతడు దాదాపు అరవయ్యవ ఏట అక్కడే మరణించాడనీ, వ్రాసుకొన్న సంస్కృత గ్రంథాలు నలందలోనే మిగిలిపోయాయనీ తెలిసింది. చదువు పూర్తయినది, ప్రతులు సిద్ధమైనవి. వాటిని ఇంటికి చేర్చే మనిషి మాత్రం లేడు.

ఇట్టివారి జీవితాలను ఇత్సింగు ఓర్పుతో సేకరించాడు. తాంగ్ కాలంలో ధర్మాన్వేషణకై పడమటి దేశానికి పోయిన భిక్షువుల చరిత్ర అనే గ్రంథంలో యాభై ఆరుగురి వృత్తాంతాలు ఉన్నాయి. చైనావారితోబాటు కొరియావారు, మధ్య ఆసియావారు, నేటి వియత్నాం ప్రాంతంవారు కూడ అందులో కనిపిస్తారు. వీరిలో స్వదేశం చేరినవారు బహుస్వల్పం. కొందరు వ్యాధులకు, కొందరు సముద్రానికి బలి అయినారు. ఛాంగ్‌మిన్ అనే భిక్షువు ఎక్కిన ఓడ బరువెక్కి తుఫానులో మునుగుతున్నప్పుడు, ఓడయజమాని అతణ్ణి చిన్నపడవలోకి రమ్మన్నాడు. అతడు ఇతరులను ఎక్కించుకొమ్మని చెప్పి, పడమటి దిక్కుకు చేతులు జోడించి నిలిచి ఓడతో మునిగిపోయాడు. అతని శిష్యుడు కూడ గురువును వీడలేదు.

ఈ నష్టానికి కారణాలు వెదకినప్పుడు ఇత్సింగు దృష్టి వసతిసమస్య మీద నిలిచింది. మహాబోధిలో సింహళరాజు కట్టించిన విహారంలో సింహళ భిక్షువులు ఉంటున్నారు. కపిశవారికి, తుఖారవారికి తమ తమ విహారాలున్నాయి. ఏ దేశపు భిక్షువు వచ్చినా తనవారి విహారంలో ఆతిథ్యం పొందుతున్నాడు. చైనావారికి మాత్రం అట్టి చోటు లేదు. చదువవలసిన కాలం వారికి బస వెదకడంలోనే గడిచిపోతున్నది.

పూర్వం అట్టి చోటు లేకపోలేదు. నలందకు తూర్పున గంగాతీరంలో మృగశిఖావన విహారం సమీపాన చీనావిహారమనే కట్టడం ఉండేదనీ, అయిదువందల ఏళ్ళ క్రితం శ్రీగుప్త మహారాజు ఇరవైమందికి పైగా వచ్చిన చైనా భిక్షువులకై దానిని నిర్మించి ఇరవైకి పైగా గ్రామాలు దానమిచ్చాడనీ స్థానికులు చెప్పగా ఇత్సింగు విన్నాడు. అతని కాలానికి ఇటుకల పునాది మాత్రమే మిగిలింది. గ్రామాలు చాలవరకు అన్యాక్రాంతమయ్యాయి. ఆ ప్రాంతాన్ని అప్పుడు ఏలుతున్న దేవవర్మ, చైనా నుండి భిక్షువులు వస్తే విహారాన్ని పునరుద్ధరించి గ్రామాలు తిరిగి ఇస్తానని అంటుండేవాడట. గుప్తవంశ మూలపురుషుని గురించిన చర్చలో చరిత్రకారులు ఈ వాక్యాలను విస్తారంగా వాడుకొన్నారు. ఇత్సింగు వ్రాసిన ఉద్దేశం వేరు. ఆతిథ్యమిచ్చే దేశం సిద్ధంగా ఉన్నప్పుడు పంపే దేశం నిర్లక్ష్యం వహించడం అతనికి బాధ కలిగించింది.

శ్రీవిజయంలో కృషి

685లో ఇత్సింగు నలంద విడిచాడు. అయిదులక్షల శ్లోకాల పరిమాణం గల సంస్కృత గ్రంథాలు అతని వెంట ఉన్నాయి. దారిలో మరల దొంగల చేతిలో ప్రాణగండం తప్పించుకొని, తామ్రలిప్తిలో ఓడ ఎక్కి శ్రీవిజయం చేరాడు. ఆ నగరంలో వెయ్యిమందికి పైగా భిక్షువులు భారతదేశపు క్రమంలోనే అధ్యయనం సాగిస్తుండేవారు. భారతదేశానికి పోగోరే చైనా భిక్షువు ఇక్కడ ఒకటి రెండేళ్ళు ఆగి భాషను, ఆచారాన్ని అభ్యసించి ముందుకు సాగడం మేలని ఇత్సింగు సలహా ఇచ్చాడు. అది అతడు స్వయంగా పరీక్షించి చూచిన మార్గం. సంస్కృత పదాలను చైనా అర్థాలతో పొందుపరచిన వేయి పదాల సంగ్రహం కూడ అతని పేర ప్రచారంలో ఉన్నది. శ్రీవిజయాన్ని గురించి అతడు చెప్పినదానికి 682 నాటి కెదుకన్ బుకిత్ శాసనం బలం చేకూర్చింది. పల్లవలిపి నుండి పుట్టిన అక్షరాలలో, ప్రాచీన మలయుభాషలో ఉన్న ఆ శాసనం ఇత్సింగు యాత్రాకాలానిదే కావడం విశేషం.

శ్రీవిజయంలో అనువాదం ఆరంభించాడు గాని కాగితం, సిరా, లేఖకులు చాలలేదు. 689లో అవి పంపుమని క్వాంగ్‌చౌకు జాబు పంపడానికి రేవులోని ఒక ఓడ మీదికి వెళ్ళాడు. అంతలో అనుకూలవాయువు వీచి ఓడ తెరచాపలెత్తి సాగిపోయింది. దిగే వీలు లేకపోయింది. పదునెనిమిదేళ్ళ తరువాత స్వదేశం చేరాడు గాని, సంపాదించిన గ్రంథాలన్నీ సముద్రానికి ఆవలి ఒడ్డున ఉండిపోయాయి. అట్టి స్థితిలో మరొకడు విధిని నిందించేవాడు. ఇత్సింగు క్వాంగ్‌చౌ భిక్షువులను సమావేశపరచి సహాయకులు కావాలని కోరాడు. చెంగ్‌కు అనే వినయపండితుడు, మరి ముగ్గురు ముందుకు వచ్చారు. ఆ ఏడాదే వారితో కలిసి మళ్ళీ శ్రీవిజయం చేరాడు. తీసికొనిపోయిన నలుగురికీ అక్కడే సంస్కృతం నేర్పించాడు.

692లో తాత్సిన్ అనే భిక్షువు ద్వారా తన రచనలను స్వదేశానికి పంపాడు. భారతదేశంలోను మలయు ద్వీపాలలోను ఆచరణలో ఉన్న ధర్మాన్ని వివరించే నాలుగు సంపుటాల గ్రంథం, పైన చెప్పిన భిక్షువుల చరిత్ర, కొన్ని అనువాదాలు అందులో ఉన్నాయి. వాటితోబాటు ఒక విన్నపం కూడ పంపాడు. పడమటి దేశంలో చైనా భిక్షువులకై ఒక విహారం నిర్మింపజేయవలసినదని చక్రవర్తిపీఠాన్ని అర్థించడం దాని సారాంశం. యాభై ఆరుగురి చరిత్రతో జతగా పంపిన ఈ విన్నపానికి ఆ చరిత్రయే ప్రమాణపత్రం.

అనువాదశాల

695లో ఇత్సింగు లోయాంగ్ చేరినప్పుడు వూ సామ్రాజ్ఞి స్వయంగా నగరద్వారం వెలుపలికి ఎదురువచ్చి స్వాగతించింది. ఇరవై అయిదేళ్ళలో ముప్పదికి పైగా దేశాలు చూచి, సుమారు నాలుగువందల గ్రంథాలతో అతడు తిరిగి వచ్చాడు. తొలుత ఖోటాను పండితుడు శిక్షానందునితో కలిసి అవతంసకసూత్ర అనువాదంలో పాల్గొన్నాడు. 700 నుండి స్వతంత్రంగా అనువాదశాలను నడిపాడు. అందులో భారతీయ, మధ్య ఆసియా పండితులు సహకరించారు. ఒకనాడు నలందలో విదేశీ విద్యార్థిగా ఉన్నవాడు ఇప్పుడు విదేశీ పండితులకు ఆతిథేయి అయినాడు. సువర్ణప్రభాససూత్రం, విస్తారమైన మూలసర్వాస్తివాద వినయం మొదలుగా యాభై ఆరు గ్రంథాలు, రెండువందల ముప్పది సంపుటాలు అతని చేతిమీదుగా వెలువడ్డాయి. ఆ వినయం సంస్కృతమూలం చాలకాలం లుప్తమని భావింపబడింది. 1931లో గిల్గిత్‌లో బయల్పడిన వ్రాతప్రతులలో దాని భాగాలు దొరికినప్పుడు, పాఠనిర్ణయానికి ఇత్సింగు అనువాదం తోడ్పడింది. 713లో చాంగాన్ నగరంలో డెబ్బది తొమ్మిదవ ఏట అతడు పరమపదించాడు.

ఉపసంహారం

హ్యూయన్‌త్సాంగు ధాన్యకటకంలో నెలల తరబడి నిలిచి ఇద్దరు భిక్షువులవద్ద అభిధర్మం చదివి, వారికి మహాయాన శాస్త్రాలు బోధించాడు. ఇత్సింగు ఆంధ్రదేశానికి రాలేదు. అతని యాత్ర విస్తృతిలో పూర్వుని యాత్రకు తీసికట్టే. రాజసభలలో వాదవిజయాలు కూడ అతని చరిత్రలో లేవు. అతని గొప్పతనం తన వెనుక వచ్చేవారిని గురించి ఆలోచించడంలో ఉన్నది.

అతడు కోరిన విధమైన వ్యవస్థ మరొక దిక్కునుండి నలందకు వచ్చింది. తొమ్మిదవ శతాబ్దిలో సువర్ణద్వీప ప్రభువు బాలపుత్రదేవుడు నలందలో విహారం కట్టించగా, పాలరాజు దేవపాలుడు దాని పోషణకు అయిదు గ్రామాలు దానమిచ్చాడు. 1921లో నలందలో లభించిన రాగిశాసనం భిక్షువుల అన్నవస్త్రాలతోబాటు రోగులకు మందులు, ధర్మగ్రంథాల లేఖనం కూడ దానప్రయోజనాలుగా పేర్కొన్నది. పంపే దేశం భవనం కట్టించి, ఆతిథేయ దేశం భూమినిచ్చి, నడుమ విద్యార్థి నిశ్చింతగా చదివే పద్ధతి అది. రేవులో ఓడ ఎక్కి కాగితం, సిరా అర్థించవలసివచ్చిన ఇత్సింగు ఆ శాసనం చూచి ఉంటే సంతోషించేవాడు. 1937లో శాంతినికేతనంలో చీనాభవన ప్రారంభమైనప్పుడు, మృగశిఖావనం దగ్గర అతడు చూచిన ఇటుకల పునాది మీద చాలకాలానికి ఒక గోడ లేచినట్లయింది.

నలందలో సిల్లా భిక్షువు ప్రతి చివర వ్రాసిన ఆ చిన్నవ్రాతను ఇత్సింగు చూడకపోయినా, చూచి పేరు విచారించకపోయినా, ఆ విద్యార్థి చదువు ఎవరికీ తెలియకుండ పోయేది. ఒక దేశపు విద్య మరొక దేశానికి చేరడంలో గ్రంథాలను మోసినవారితోబాటు, మోయలేక దారిలో ఒరిగినవారికి కూడ పాలు ఉన్నదని ఇత్సింగు చరిత్ర నిరూపిస్తున్నది.